నీడ నడుమ వెలుగు చుక్క: ఆగస్టిన్ ఫ్రెనెల్ జీవిత కథ

వంటింట్లోంచి అమ్మీ పిలిస్తే ముందు గదిలో కూర్చున్న పిల్లలకు వినిపిస్తుంది. మధ్యలో గోడ ఉంది, అమ్మీ కనిపించదు. అయినా గొంతు తలుపు దగ్గర మలుపు తిరిగి చెవి దాకా వచ్చేస్తుంది. అదే వంటింట్లో బల్బు వెలుతురు అలా మలుపు తిరిగి రాదు. తలుపు సందులోంచి నేల మీద గీత గీసినట్టు పడుతుంది. గీతకు ఇటు వెలుతురు, అటు నీడ. మరి గొంతు వంగినప్పుడు వెలుతురు ఎందుకు వంగదు?

నిజం ఏంటంటే, వెలుతురు కూడా వంగుతుంది. కాకపోతే చాలా కొద్దిగా, మామూలుగా చూస్తే కంటికి ఆననంత కొద్దిగా. దీన్నే స్కూలు పుస్తకాల్లో వివర్తనం అంటారు. ఆ వంపును వెంట్రుకవాసి లెక్కలో కొలిచి, గణితంలో పెట్టి, దేశంలోని పెద్ద పండితుల ముందు నిలబెట్టినవాడు ఒక రోడ్ల ఇంజినీరు. పేరు ఆగస్టిన్ ఫ్రెనెల్. ఫ్రాన్సు దేశస్థుడు. బతికింది 39 ఏళ్లే. అందులోనూ సగం కాలం అనారోగ్యమే. ఆయన గొప్ప పని మొదలైంది కూడా పెద్ద ప్రయోగశాలలో కాదు. ఉద్యోగం పోయి, పోలీసుల నిఘాలో, ఓ పల్లెటూళ్లో తల్లి ఇంట్లో కూర్చున్న రోజుల్లో మొదలైంది.

ఎనిమిదేళ్లకూ చదవడం రాని పిల్లాడు

ఫ్రెనెల్ 1788 మే 10న ఫ్రాన్సులోని నార్మండీ ప్రాంతంలో బ్రోలీ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి భవన నిర్మాణాల పని చూసే ఆర్కిటెక్టు. తల్లి చదువుకున్న కుటుంబం నుంచి వచ్చింది, మేనమామ పేరున్న చిత్రకారుడు. పుట్టిన మరుసటి ఏడాదే ఫ్రెంచి విప్లవం మొదలైంది. దేశమంతా అల్లకల్లోలం. కుటుంబం కేన్ పట్టణం దగ్గర ఉన్న మాథ్యూ అనే పల్లెకు చేరింది. పిల్లలకు మొదటి చదువు ఇంట్లోనే, తల్లిదండ్రుల దగ్గరే సాగింది.

అన్న చదువులో చురుకు. ఈ పిల్లాడు మాత్రం వెనకబడ్డాడు. ఎనిమిదేళ్లు వచ్చినా సరిగ్గా చదవడం రాలేదు. ఒళ్లు కూడా బలహీనం. మాటలు, పద్యాలు, వేరే భాషలు బట్టీపట్టమంటే అసలు ఎక్కేవి కావు. ఇలాంటి పిల్లాణ్ని చూస్తే మన ఇళ్లలో ఏమంటామో అందరికీ తెలుసు.

కానీ ఆ పిల్లాడికి తోటి పిల్లల దగ్గర వేరే పేరుండేది. వాళ్లు అతన్ని మేధావి అని పిలిచేవాళ్లు. ఎందుకంటే ఆటకు విల్లులు, బొమ్మ తుపాకులు చేసేది అతనే. ఏ చెట్టు కొమ్మ బాగా వంగుతుంది, పచ్చి కొమ్మ మంచిదా ఎండినది మంచిదా, గొట్టం ఎంత పొడవుంటే గుండు ఎక్కువ దూరం పోతుంది అని ఒక్కొక్కటీ చేసి చూసి తెలుసుకున్నాడు. చివరికి ఆ ఆట వస్తువులు ఎంత పదునెక్కాయంటే, దెబ్బలు తగులుతాయని పెద్దవాళ్లు కలిసి నిషేధించాల్సి వచ్చింది. అనుమానం వస్తే చేతులతో చేసి చూడటం అనే ఆ అలవాటు ఫ్రెనెల్‌ను జీవితాంతం వదల్లేదు.

పట్నం బడికి వెళ్లాక లెక్కల్లో దారి దొరికింది. 1804లో, పదహారేళ్ల వయసులో, పారిస్‌లోని ప్రఖ్యాత ఎకోల్ పాలిటెక్నిక్‌లో సీటు వచ్చింది. తర్వాత రోడ్లు, వంతెనల ఇంజినీరింగ్ కాలేజీలో చదివి ప్రభుత్వ ఇంజినీరు అయ్యాడు.

రోడ్డు మీద ఉద్యోగం, వెలుతురు మీద ధ్యాస

ఉద్యోగం పేరుకు గొప్పదే. చేసేది మాత్రం కూలీలకు పని పురమాయించడం, మట్టి, రాయి లెక్కలు రాయడం, కాంట్రాక్టర్లతో తగువు పడటం. ముందు పడమటి ఫ్రాన్సులో, తర్వాత దక్షిణాన నియోన్ అనే చిన్న ఊళ్లో పోస్టింగు. ఫ్రెనెల్ పని ఎగ్గొట్టే రకం కాదు, అప్పగించింది ఒళ్లు దాచుకోకుండా చేసేవాడు. కానీ సాయంత్రం గదికి చేరాక మనసు వేరే చోటికి పోయేది. వెలుతురు అంటే అసలు ఏమిటి?

ఇది కొత్త ప్రశ్న కాదు. అప్పటికి ఎనిమిది వందల ఏళ్ల కిందటే, బస్రాలో పుట్టి కైరోలో పనిచేసిన ఇబ్నుల్ హైసమ్ దీన్ని చేతులతో పరీక్షించి చూశాడు. చీకటి గదికి చిన్న రంధ్రం పెట్టి, బయట దీపాలు వరసగా ఉంచి, వెలుతురు తిన్నగా పోతుందని చూపించాడు. ఆయన గ్రంథం కితాబుల్ మనాజిర్ లాటిన్‌లోకి వెళ్లి యూరప్ పండితులకు పాఠ్యపుస్తకం అయింది.

1600ల్లో ఇటలీలో గ్రిమాల్డి అనే ఆయన ఓ వింత గమనించాడు. సన్నటి వెలుతురు దారిలో చిన్న వస్తువు పెడితే నీడ అంచు నిక్కచ్చిగా ఉండటం లేదు. అంచు పక్కన రంగు చారలు కనిపిస్తున్నాయి. అంటే అంచు దగ్గర వెలుతురు తన తిన్నని దారి తప్పుతోంది. వివర్తనం అనే మాటకు లాటిన్ మూలం పెట్టింది ఆయనే. ఆయన చనిపోయాక 1665లో ఆ పుస్తకం అచ్చయింది.

ఎందుకలా అనే దగ్గర పండితులు రెండుగా చీలారు. న్యూటన్ వెలుతురు సూక్ష్మమైన కణాల ధార అన్నాడు. హాలండ్‌కు చెందిన హైగెన్స్ కాదు, అది అల అన్నాడు. న్యూటన్ పేరు ముందు ఇంకెవరి మాటా నిలబడలేదు. వందేళ్లు కణాల మాటే చెల్లింది. 1800 తర్వాత ఇంగ్లండులో థామస్ యంగ్ రెండు వెలుతురులు కలిస్తే చీకటి కూడా పుట్టగలదని చూపించి అలల వాదాన్ని మళ్లీ లేపాడు. అయినా పెద్దలు పెద్దగా పట్టించుకోలేదు.

ఫ్రెనెల్‌కు ఇంగ్లీషు రాదు. యంగ్ పని సంగతీ అప్పటికి తెలియదు. 1814లో నియోన్ నుంచి తమ్ముడికి ఉత్తరం రాసి, వెలుతురు మీద కొత్తగా వచ్చిన విషయాలు పంపమని అడిగాడు. చేతిలో పుస్తకాల్లేవు, పరికరాల్లేవు, పక్కన ఉస్తాద్ లేడు.

తేనె చుక్కతో మొదలు

1815 మార్చిలో నెపోలియన్ ఎల్బా ద్వీపం నుంచి తిరిగొచ్చి మళ్లీ గద్దె ఎక్కాడు. ఫ్రెనెల్ రాజు పక్షం. ఒంట్లో బాగోకపోయినా రాజు తరఫు దళంలో చేరడానికి వెళ్లాడు. ఆ దళం నిలవలేదు. ఆయన ఉద్యోగం ఊడింది, మీదినుంచి పోలీసు నిఘా. మాథ్యూలో తల్లి దగ్గరికి వెళ్లి ఉండటానికి అనుమతి దొరికింది. దారిలో పారిస్‌లో ఫ్రాంస్వా అరాగో అనే యువ శాస్త్రవేత్తను కలిశాడు. ఆ పరిచయం చివరిదాకా నిలిచిన దోస్తీ అయింది. యంగ్ రాతల్ని చదవమని చెప్పింది అరాగోయే.

ఉద్యోగం పోయినవాడి ఇంట్లో రోజులు ఎలా గడుస్తాయో ఊహించుకోవచ్చు. ఫ్రెనెల్ ఆ ఖాళీని పనిలో పెట్టాడు. ప్రయోగానికి సూదిమొనంత చోటునుంచి వచ్చే వెలుతురు కావాలి. మంచి లెన్సు లేదు. రాగి రేకుకు చిన్న రంధ్రం చేసి, అందులో తేనె చుక్క వేశాడు. గుండ్రంగా నిలిచిన ఆ చుక్కే లెన్సు అయింది. సూర్యకాంతి దాని గుండా వెళ్లి ఒక బిందువు దగ్గర చేరి, అక్కడినుంచి విచ్చుకునేది. చారల మధ్య దూరం కొలిచే పరికరాన్ని ఊళ్లో తాళాలు చేసే పనివాడి చేత చేయించుకున్నాడు.

ఆ వెలుతురు దారిలో సన్నటి తీగ పెట్టాడు. తీగ నీడకు బయట చారలు వచ్చాయి, నీడ లోపల కూడా చారలు వచ్చాయి. తీగకు ఒక పక్క నల్ల కాగితం అడ్డం పెట్టగానే లోపలి చారలు మాయమయ్యాయి. ఆలోచించండి. ఒక పక్క వెలుతురు ఆపితే ఆ పక్కది మాత్రమే పోవాలి కదా, లోపలివన్నీ ఎందుకు పోయాయి? ఎందుకంటే ఆ చారలు రెండు పక్కల వెలుతురు కలిస్తేనే పుడతాయి. ఒక అల ఎత్తు, రెండో అల ఎత్తు కలిసిన చోట వెలుగు. ఒకదాని ఎత్తు, రెండోదాని పల్లం కలిసిన చోట చీకటి. చెరువులో రెండు రాళ్లు వేస్తే అలలు ఒకదాన్నొకటి దాటే చోట జరిగేది కూడా ఇదే.

అదే ఏడాది అక్టోబరులో ఆయన తన మొదటి పత్రాన్ని పారిస్‌లోని సైన్సు అకాడమీకి పంపాడు. ఇందులో కొంత యంగ్ ముందే చెప్పాడని తెలిశాక, ఆ ఘనత యంగ్‌దేనని ఒప్పుకున్నాడు. ఈలోగా నెపోలియన్ వాటర్లూలో ఓడిపోయాడు. ఫ్రెనెల్‌కు ఉద్యోగం తిరిగొచ్చింది. కొన్నాళ్లు మళ్లీ రోడ్లు, కొన్నాళ్లు అరాగో ఇప్పించిన సెలవుల్లో పారిస్‌లో ప్రయోగాలు.

ప్రత్యర్థులు పెట్టిన పోటీ

1817లో అకాడమీ ఒక బహుమతి ప్రకటించింది. వివర్తనాన్ని ప్రయోగాలతో, లెక్కలతో ఎవరు బాగా వివరిస్తే వాళ్లకు. అకాడమీలో బలమంతా కణాల వాదులదే. ఈ దెబ్బతో అలల గొడవ తీరిపోతుందని వాళ్ల ఆశ. ఐదుగురు న్యాయనిర్ణేతల్లో లాప్లాస్, బియో, పాసన్ ముగ్గురూ కణాల పక్షం. గే లుసాక్ ఎటూ కాదు. అలల వైపు ఉన్నది అరాగో ఒక్కడే.

1818 వేసవిలో ఫ్రెనెల్ తన సిద్ధాంతం పంపాడు. దాని సారం సామాన్యంగా చెప్పుకోవచ్చు. అల ముందుకు కదిలేటప్పుడు దాని ముందు అంచులో ఉన్న ప్రతి బిందువూ చిన్న చిన్న కొత్త అలల్ని పుట్టిస్తుంది. ఇది హైగెన్స్ మాట. ఆ చిన్న అలలన్నీ ఒకదానితో ఒకటి కలిసి కొన్ని చోట్ల బలపడతాయి, కొన్ని చోట్ల చెరిపేసుకుంటాయి. ఇది యంగ్ చూపించినది. ఫ్రెనెల్ రెండింటినీ కలిపాడు. ఏ చోట ఎంత వెలుగు ఉండాలో కూడి చెప్పే గణితం తయారుచేశాడు. లెక్క కట్టిన చార ఎక్కడ ఉండాలన్నదో, కొలిచిన చార అక్కడే కనిపించింది.

మనం మొదట వేసుకున్న ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. అల ఎంత వంగుతుందన్నది, దాని పొడవుకూ దారిలో ఉన్న సందు వెడల్పుకూ ఉన్న పోలికను బట్టి ఉంటుంది. మనిషి గొంతులోని ధ్వని తరంగాలు చాలావరకు మూర, బార పొడవు ఉంటాయి. తలుపు వెడల్పూ ఇంచుమించు అంతే. కాబట్టి ధ్వని తలుపు దాటగానే అన్ని వైపులా విచ్చుకుంటుంది. వెలుతురు అల పొడవు మిల్లీమీటరులో సుమారు రెండు వేల వంతు. దానికి మన తలుపు ఓ మహా మైదానం. అందుకే తిన్నగా పోయినట్టు కనిపిస్తుంది. అదే వెంట్రుకంత సందు దగ్గరికి వచ్చేసరికి దాని అసలు గుణం బయటపడుతుంది. ఇబ్నుల్ హైసమ్ చూసిన తిన్నని దారి అబద్ధం కాదు. పెద్ద రంధ్రాలకు, పెద్ద వస్తువులకు అదే నిజం. ఫ్రెనెల్ ఆ నిజానికి అంచు ఎక్కడుందో చూపించాడు.

నీడ మధ్యలో చుక్క

ఇక్కడే ఈ కథలో అసలు మలుపు. న్యాయనిర్ణేతల్లో పాసన్ గణితంలో దిట్ట. ఫ్రెనెల్ లెక్కను పట్టుకుని ఆయన దాన్ని ఇంకో చోటికి తీసుకెళ్లాడు. వెలుతురు దారిలో గుండ్రటి బిళ్ల పెడితే ఏమవుతుంది? బిళ్ల అంచు మీద ఏ బిందువు తీసుకున్నా, నీడ సరిగ్గా నడిమధ్యకు దూరం ఒకటే. అంటే అంచు చుట్టూ పుట్టిన చిన్న అలలన్నీ అక్కడికి ఒకేసారి, ఎత్తుకు ఎత్తు కలిసేలా చేరాలి. అంటే నీడ నడుమ చీకటి ఉండకూడదు, వెలుగు చుక్క ఉండాలి. అది కూడా అడ్డమే లేనట్టుగా వెలగాలి.

బిళ్ల అడ్డం పెడితే సరిగ్గా దాని వెనక వెలుగా? పాసన్‌కు ఇది బుద్ధికి ఎక్కే మాట కాదు. సిద్ధాంతం తప్పని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి అన్నట్టుగా దాన్ని ముందు పెట్టాడు.

మాటకు మాట చెప్పుకుంటూ పోతే ఆ తగువు ఎన్నేళ్లయినా సాగేది. అరాగో వాదించలేదు, చేసి చూశాడు. రెండు మిల్లీమీటర్ల లోహపు బిళ్లను మైనంతో గాజు పలకకు అంటించి, వెలుతురు దారిలో పెట్టాడు. నీడ నడిమధ్యలో వెలుగు చుక్క కనిపించింది.

సిద్ధాంతాన్ని పడగొట్టడానికి వేసిన ప్రశ్నే దానికి అన్నిటికన్నా గట్టి రుజువు అయింది. 1819లో బహుమతి ఫ్రెనెల్‌కే ఇచ్చారు. కణాల వాదులు వెంటనే మనసు మార్చుకోలేదు, అది వేరే సంగతి. అయినా ఎదుటి పక్షం సిద్ధాంతాన్ని కంటితో చూసిన దాన్నిబట్టి తూచారు, ఇన్సాఫ్ చేశారు. ఇక పాసన్ సంగతి. తాను కాదన్న దాన్ని కూడా చివరిదాకా నిజాయితీగా లెక్క కట్టాడు కాబట్టే ఆ చుక్క సంగతి బయటికొచ్చింది. ఇవాళ దాన్ని పాసన్ చుక్క అనీ, అరాగో చుక్క అనీ పిలుస్తారు. ఫ్రెనెల్ పేరు దానికి తక్కువగానే వినిపిస్తుంది.

సముద్రం మీద దీపం

ఫ్రెనెల్ అంతటితో ఆగలేదు. వెలుతురు అలల ఊగులాట ముందుకూ వెనక్కూ కాదు, ప్రయాణించే దిశకు అడ్డంగా ఉంటుందని 1821లో చెప్పాడు. ఇది ఎంత తెగువ అంటే, ప్రాణ స్నేహితుడు అరాగో కూడా ఆ మాట కింద తన పేరు పెట్టడానికి వెనకాడాడు. తర్వాత అదే సరైనదని తేలింది.

కానీ మామూలు జనానికి ఆయన పేరు తెలిసింది ఇంకో పనితో. 1819లో ప్రభుత్వం ఆయన్ను లైట్‌హౌస్‌ల సంఘంలో వేసింది. అప్పట్లో లైట్‌హౌస్ అంటే నూనె దీపం వెనక మెరుగుపెట్టిన లోహపు అద్దం. ఆ అద్దాలు వెలుతురులో దాదాపు సగం మింగేసేవి. మిగిలింది పొగమంచు దాటేది కాదు. తీరం దగ్గర ఓడలు రాళ్లకు కొట్టుకుని మునిగిపోయేవి.

అద్దం బదులు లెన్సు పెడితే వెలుతురు తక్కువ పోతుంది. అయితే అంత పెద్ద దీపానికి లెన్సు చేస్తే అది బండరాయంత బరువుంటుంది, మందపాటి గాజులోనే వెలుతురు కొంత ఇంకిపోతుంది. ఫ్రెనెల్ ఉపాయం ఏంటంటే, లెన్సులో పని చేసేది దాని వంపు తిరిగిన పైభాగమే, లోపలి మందం వృథా. ఆ మందం తీసేసి, వంపును ఉంగరాల్లా ముక్కలు చేసి, ఒకదాని చుట్టూ ఒకటి మెట్లు మెట్లుగా అమర్చాడు. ఇలాంటి ఆలోచన అంతకుముందు ఒకరిద్దరికి వచ్చినా లైట్‌హౌస్‌లో నిలబెట్టి వెలిగించింది ఆయనే. అరాగోతో కలిసి ఒకదానిలో ఒకటిగా నాలుగు ఒత్తులున్న పెద్ద దీపాన్ని కూడా తయారుచేశాడు.

1823 జులైలో బోర్డో రేవుకు వెళ్లే దారిలో, జిరోండ్ నది సముద్రంలో కలిసే చోట ఉన్న కోర్డువాన్ లైట్‌హౌస్‌లో ఆ దీపం వెలిగింది. ఆ తర్వాత ఫ్రాన్సు తీరం పొడుగునా 51 లైట్‌హౌస్‌లతో ఒక పథకం 1825లో ఖాయమైంది. రాత్రి తీరం వెంట వచ్చే నావికుడికి ఒక దీపం కనుమరుగయ్యే లోపు ఇంకో దీపం కనబడాలి, ఏ దీపం ఏ చోటిదో గుర్తుపట్టగలగాలి అన్నది దాని లెక్క. తర్వాతి కాలంలో ప్రపంచమంతా ఈ లెన్సులే వాడింది. ఎన్ని ప్రాణాలు నిలిచాయో లెక్క చెప్పగలవాళ్లెవరూ లేరు.

పతకం వచ్చేసరికి

ఇవన్నీ చేస్తున్నప్పుడు ఆయన ఒంట్లో క్షయ ఉంది. పైగా ప్రయోగాల ఖర్చులో చాలా భాగం సొంత జేబులోంచే. డబ్బుకోసం పాలిటెక్నిక్‌లో పరీక్షకుడి పని ఒప్పుకున్నాడు, ఒళ్లు సహకరించక 1824లో వదిలేశాడు. 1823లో సైన్సు అకాడమీ ఆయన్ను ఏకగ్రీవంగా సభ్యుడిగా ఎన్నుకుంది. ఉన్న కాస్త ఓపికనూ లైట్‌హౌస్‌లకే దాచుకున్నాడు.

లండన్ రాయల్ సొసైటీ ఆయనకు రమ్‌ఫర్డ్ పతకం ప్రకటించింది. ఒకప్పుడు న్యూటన్ అధ్యక్షుడిగా ఉన్న సభ అది. పతకాన్ని అరాగో స్వయంగా తీసుకెళ్లాడు. అప్పటికి ఫ్రెనెల్ పారిస్ దగ్గరి విల్ దావ్రేలో మంచం మీద చివరి రోజుల్లో ఉన్నాడు. 1827 జులై 14న కన్నుమూశాడు. అన్న మొదలుపెట్టిన పనిని తమ్ముడు లియోనోర్ అందుకుని లైట్‌హౌస్‌ల పథకం ముందుకు నడిపాడు. 1850లో నీటిలో వెలుతురు వేగం తగ్గుతుందని ఫ్రెంచి శాస్త్రవేత్తలు కొలిచి చూపించాక, పాత కణాల వాదానికి ఇక చోటు మిగల్లేదు. ఇరవయ్యో శతాబ్దంలో వెలుతురులో కణం గుణం కూడా ఉందని ఇంకో రకంగా బయటపడింది. అయినా వివర్తనం లెక్క కట్టాలంటే ఇవాళ్టికీ ఫ్రెనెల్ దారే దారి. ఐఫిల్ టవర్ మీద చెక్కిన 72 మంది పేర్లలో ఆయనదీ ఒకటి.

ఈ రాత్రి పిల్లలతో ఓ పని చేసి చూడండి. దూరంగా చిన్నగా వెలుగుతున్న వీధి దీపాన్ని పల్చటి దుపట్టా గుండా చూడమనండి. ఒక దీపం చుట్టూ అడ్డంగా, నిలువుగా చిన్న చిన్న వెలుగు చుక్కలు వరసకడతాయి. బట్ట దారాల మధ్య సందుల్లో వెలుతురు వంగి, అలలు కలిసి వేసిన ముగ్గు అది. సూర్యుడి వైపు మాత్రం ఇలా చూడనివ్వకండి, కళ్లు పోతాయి.

ఇంట్లో ఎనిమిదేళ్ల పిల్లాడో పిల్లో చదువులో వెనకబడి, ఎప్పుడూ ఏదో ఒకటి విప్పుతూ బిగిస్తూ కూర్చుంటే, మొద్దు అనే ముందు ఆ చేతుల్లో ఏముందో ఒకసారి చూడండి.